ఏడో నెల రెండుసార్లు

కట్ట వేసిన 41వ ఏడు, జ్యేష్ఠ శుద్ధ పంచమి

సముద్రం పోటు పొద్దున్నే వచ్చింది. ఎండ బాగుంది, స్కాన్ పెట్టెకి కరెంటిచ్చే ఎండ పలకలు నిండాయి. స్కాన్ చూసింది ముగ్గురికి.

గంజి ఇవాళ కూడా పల్చగా కుదిరింది. స్కాన్‌కి పొట్ట మీద రాసే జిగురు నీళ్ళ అవతలి మెట్ట నుంచి రావడం మానేసి మూడేళ్ళయింది. అప్పటినుంచీ కర్రపెండలం పిండి కాచి, చల్లార్చి, అదే రాస్తున్నాను. చిక్కగా ఉంటే బొమ్మ బాగుంటుంది. పల్చగా ఉంటే చీరలు తడుస్తాయి, తిట్లు నాకు పడతాయి. మెట్టవాళ్ళ రిజిస్టరులో ఇలాంటివి రాయడానికి గడి లేదు కాబట్టి ఈ సొంత పుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ లంకకి స్కాన్ మనిషినీ నేనే, రిజిస్టరు మనిషినీ నేనే, తిట్లు తినే మనిషినీ నేనే.

మూడో మనిషి లోవకుమారి. సముద్రపు కట్ట మీద మట్టి తట్టలు మోసిన పిల్ల, మొదటి కాన్పు. వెంట మొగుడు బుల్లియ్య కూడా వచ్చాడు. మగాళ్ళు గుమ్మం దాటకూడదని నేను పెట్టిన నియమం ఎవడూ పాటించడు. ఇతను మరీను, తెర మీదకి మెడ చాచి "అది చెయ్యాండీ, కాలాండీ" అని ఒకటే ప్రశ్నలు.

"కూర్చోవయ్యా, నువ్వేమన్నా కంటున్నావా?" అని కసిరాను.

లోవ నవ్వింది. నవ్వితే పొట్ట కదిలి బొమ్మ చెదిరిపోయింది. దాన్నీ కసిరాను.

తల బాగుంది. వెన్ను బాగుంది. తొడ ఎముక బాగుంది. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి గుండె ఉండాల్సిన చోట లేదు, కుడివైపుకి ఒత్తిగిలి ఉంది. దాని పక్కన నల్లగా గుండ్రంగా ఒక బుడగ. ఆ బుడగ బిడ్డ కడుపు. పొట్టలో ఉండాల్సిన కడుపు ఛాతీలో ఉంది.

నా చెయ్యి ఆగిపోయింది. నోరు కూడా ఆగిపోయింది కాబోలు, బుల్లియ్య తనంతట తనే పోయి బల్ల మీద కూర్చున్నాడు.

పొట్టకీ ఛాతీకీ మధ్య ఒక కండ తెర ఉంటుంది. కొందరు బిడ్డలకి అది పూర్తిగా మూసుకోదు, ఓ పక్క చిల్లి ఉండిపోతుంది. పేగులూ కడుపూ అందులోంచి పైకి వచ్చేసి ఊపిరితిత్తులు పెరగాల్సిన చోటంతా ఆక్రమిస్తాయి. లోపల ఉన్నన్నాళ్ళూ బిడ్డకి ఏ ఇబ్బందీ ఉండదు, హాయిగా తన్నుకుంటూ తిరుగుతుంది. బయటికి వచ్చి మొదటి ఊపిరి తియ్యబోయినప్పుడు తెలుస్తుంది. ఎనిమిదేళ్ళలో ఇలాంటివి మూడు చూశాను. మూడూ పోయాయి.

"ఏటక్కా, మాటాడవేం?" అంది లోవ.

"ఛాతీ కొలవాలి. కదలకు."

ఈ కొలత నా చేతిలో లేదు. గుండె నాలుగు గదులూ కనబడే చోట నేను చెయ్యి నిలిపితే, స్కాన్ పెట్టె తనే కుడి ఊపిరితిత్తి చుట్టూ గీత గీసుకుంటుంది. తల చుట్టుకొలత కూడా తనే తీసుకుని, ఒకదాన్ని రెండోదానితో భాగించి సీలు వేసేస్తుంది. నేను చేత్తో కొట్టేది ఒక్కటే, ఎన్నో నెల అన్నది. ఏడు అని కొట్టాను. రిజిస్టరులో లోవ పేరు ఎదురుగా ఏడో గడికి అడ్డగీత కూడా గీసేశాను. అదంతా అలవాటు మీద జరిగిపోయింది. లివరు కింద ఉండవలసిన చోటే ఉంది, అదొక్కటే మంచి సంగతి. పోటు తీసేలోపల లెక్కలన్నీ మెట్టకి పంపేశాను.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

చీటీ వచ్చింది.

మెట్టలో ఉన్న లెక్కల యంత్రాన్ని మా ఆడవాళ్ళు సోదమ్మ అంటారు. దానికి అసలు పేరేదో ఉంది, ఎవరికీ నోరు తిరగదు. కడుపులో బిడ్డ ఛాతీలో తేడా ఉంటే సోదమ్మ ఒక్క అంకె చెబుతుంది. ఆ నెలకి ఊపిరితిత్తి ఎంత ఉండాలో దాన్ని నూరు అనుకుంటే, ఈ బిడ్డకి ఎంత ఉంది అని. ఇరవై ఐదు, ఆ పైన వస్తే మంచం చీటీ. అంటే మెట్ట ఆసుపత్రిలో కాన్పు. పుట్టిన బిడ్డ రక్తాన్ని బయటికి తీసి, దానికి గాలి పట్టించి మళ్ళీ లోపలికి పంపే యంత్రం పక్కన ఒక మంచం, బిడ్డ నిలదొక్కుకున్నాక ఆపరేషను. అలాంటి మంచాలు నాలుగే ఉన్నాయి, అందుకని ఆ గీత. ఇరవై ఐదుకి తక్కువైతే ఒడి చీటీ. అంటే ఇక్కడే కాన్పు, బిడ్డని తుడిచి తల్లి ఒడిలో పెట్టడం, ఉన్నంతసేపు ఉండనివ్వడం.

లోవకి ఇరవై మూడు వచ్చింది. ఒడి చీటీ.

ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. బుల్లియ్యకి అంకె ఒక్కటే బుర్రకెక్కింది.

"ఇరవై మూడంటే మరీ తక్కువేటండి? రెండే కదండీ తేడా. అడిగితే ఇవ్వరేటండి?"

"అది అడిగేది కాదయ్యా."

లోవ చీటీని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "ఒడిలో ఎంతసేపుంటాడక్కా?"

"గంట. ఒక్కోసారి ఇంకా తక్కువ."

"పాలు తాగుతాడా?"

తాగడు అని చెప్పాను. తాగుతాడని చెప్పాల్సింది. ఎన్నో అబద్ధాలు రాసినదాన్ని, ఆ ఒక్కటీ నోటికి రాలేదు.

వాళ్ళు వెళ్ళాక రిజిస్టరు ఎత్తిపెట్టబోతుంటే ఏడో గడికి గీసిన అడ్డగీత కనబడింది. మళ్ళీ విప్పి చూశాను. లోవకి ఏడో నెల కాదు, ఆరో నెల. నెల కలిపింది నేనే.

జ్యేష్ఠ శుద్ధ నవమి

పోటు ఆలస్యం. మబ్బు. పలకలు సగమే నిండాయి.

ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు, ఇవాళ రాస్తున్నాను.

మూడో నెల పడితేనే ఆడదాని తట్ట దించాలని మెట్టవాళ్ళ నియమం. అంతవరకూ అందరితో పాటూ మోయాల్సిందే. కట్ట తెగితే సముద్రం లోపలికి వచ్చేస్తుంది, లంక ఉండదు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ తడిమట్టి తట్ట నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో దిగే పని అది. నేను వచ్చిన మొదటి ఏడు పన్నెండు మంది నెల తప్పారు. ఆరుగురికి మూడో నెల లోపలే పోయింది. రిజిస్టరులో ఆరు పేర్లు వరసగా కొట్టేశాను.

రెండో ఏడు, కట్ట మేస్త్రి అచ్చియ్యమ్మ పిన్ని కూతురు వాంతులు చేసుకుంటూ వచ్చి నా గుమ్మంలో కూలబడింది. రెండో నెల. నేను మూడు అని రాశాను. తట్ట దించారు. ఆ బిడ్డ ఇప్పుడు కట్ట మీద గెంతుతోంది. ఆ తర్వాత వచ్చిన ప్రతిదానికీ ఒక నెల కలిపాను.

కలిపిన నెలని ఎక్కడో ఒకచోట తీసెయ్యాలి కదా. లేకపోతే మా లంక ఆడవాళ్ళు నెల ఆలస్యంగా కంటున్నారని మెట్టలో అనుమానం వస్తుంది. అందుకని ఏడో నెల రెండుసార్లు రాస్తాను. ఏడో గడికి అడ్డగీత గీసి, పై సగంలో ఒక తేదీ, నెలపోయాక కింది సగంలో ఇంకో తేదీ. ఏడు దాటాక మెట్టలో ఎవరూ పెద్దగా చూడరు. ఇక్కడ మాత్రం అదో వేడుకైపోయింది. రేవులో బట్టలుతుకుతూ "నీది పై ఏడా, కింది ఏడా?" అని వేళాకోళాలు. కింది ఏడు పడినవాళ్ళకి చలిమిడి పెడతారు.

మరి ఆరో నెల బిడ్డని ఏడో నెల అంటే తల చిన్నదిగా ఉండదా? ఉంటుంది. మొదట్లో సోదమ్మ అడిగింది, తల చిన్నదేమని. తిండి చాలదు, నీళ్ళు ఉప్పు అని రాశాను. ప్రతిసారీ అదే రాశాను. చివరికి అది నేర్చుకుంది. లంక పిల్లలు నెల చిన్నవాళ్ళు అని తన లెక్కలో ఒక సవరణ పెట్టేసుకుంది. ఇప్పుడు అడగదు.

తల సంగతి నేర్చుకుంది గానీ ఊపిరితిత్తికి అలాంటి సవరణ పెట్టుకోలేదు. ఏడో నెలకి ఎంత పెరగాలో అంత పెరగలేదని లోవ బిడ్డకి తగ్గించేసింది. నా దగ్గర పాత అచ్చు పట్టిక ఒకటి ఉంది, చదువుకున్న రోజుల్లోది. రాతపలక మీద మూడుసార్లు లెక్క కట్టాను. ఆరో నెలకి కడితే ఇరవై ఏడు. మూడుసార్లూ ఇరవై ఏడే.

ఇరవై మూడు అన్నది సోదమ్మ తప్పు కాదు. అది నమ్మింది, అంతే. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గంజి గిన్నె గోడకేసి కొట్టాను. సొట్టపడింది.

మధ్యాహ్నం సవరణ పంపాను. లోవకుమారి విషయంలో పొరపాటున ఒక నెల ఎక్కువ రాశాను, ఆరో నెలగా చదువుకోగలరు అని. ఒక్క మనిషి, ఒక్క పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

సవరణ తిరిగొచ్చింది. "లంక పిల్లలకి ఆరో నెలలో ఇంత తల ఉండదు. ఏడో నెలే సరి. తిరస్కరించడమైనది."

చదివి నవ్వాను. నవ్వు ఆగలేదు, తర్వాత ఏడుపు కూడా ఆగలేదు. ఏడేళ్ళు ఓపిగ్గా చెప్పిన అబద్ధాన్ని అది నాకే అప్పజెప్పింది.

లైను కలిసేదాకా కొట్టి కొట్టి మెట్ట ఆసుపత్రి డాక్టరు కౌముదిగారిని పట్టుకున్నాను. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం ఎరుగుదును.

"వీరవేణిగారూ, మీ సవరణ చూశాను. మీ లంకలో అందరి తలలూ చిన్నవే. ఈ బిడ్డకి ఆరో నెలే అయితే తల మామూలుగా ఉన్నట్టు. ఈ ఒక్క బిడ్డకే మామూలుగా ఎలా ఉంటుంది?"

నేను రిజిస్టరు మూసేశాను.

"మిగతా నెలలన్నీ తప్పయితే తప్ప," అంది ఆవిడ మెల్లిగా.

"అలా అయితే ఏమవుతుందండీ?"

"నేను అడగలేదు, మీరు చెప్పలేదు. చెబితే మాత్రం నేను రాయాలి. రాస్తే మీ రిజిస్టరంతా తిరగరాస్తారు, తట్ట దించినవాళ్ళని మళ్ళీ లెక్క చూస్తారు. ఈ కాన్పులకి మంచాల జాబితా పౌర్ణమికి మూసేస్తారు, వీరవేణిగారూ. అది కూడా చెప్పాలి కదా మీకు."

జ్యేష్ఠ శుద్ధ త్రయోదశి

పోటు తీశాక ఆడవాళ్ళని పిలిచాను. వరండా నిండిపోయింది. ఇప్పుడు కలిపిన నెలలో ఉన్నవాళ్ళు నలుగురు. అంటే నిజానికి రెండో నెల, రిజిస్టరులో మూడు, తట్ట దించి ఇంట్లో ఉన్నవాళ్ళు. అందరికంటే కొత్తది మరిడమ్మ. దానికి తట్ట దించి ఆరు రోజులు. వేవిళ్ళు ఎక్కువ, స్తంభానికి ఆనుకుని చింతపిక్కంత ఉప్పుగల్లు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. లోవ బిడ్డకి మంచం రావాలంటే ఈ నలుగురి నెలలూ బయటపెట్టాలి.

అచ్చియ్యమ్మ పిన్ని లేచింది. "ఒక్కదానికోసం నలుగుర్ని నీళ్ళల్లోకి దింపుతావేటే వేణీ? ఆ నెల కలిపింది మన పిల్లల కోసం కాదేటే?"

"లోవ కూడా మన పిల్లే కదా పిన్నీ."

"కాదన్నానా? మంచమిత్తే బతుకుతాడని రాసిత్తావా నువ్వు?"

రాసివ్వలేను. ఇరవై ఏడంటే ఏమిటో చెప్పాను. అలాంటి బిడ్డలు పదిమందిని మంచం ఎక్కిస్తే అయిదుగురో ఆరుగురో ఇంటికొస్తారు. ఒడి చీటీ అయితే ఒక్కరూ రారు.

"అయిదుగురో ఆరుగురో," అంది పిన్ని. "మరి ఈ నలుగుర్లో ఎందరికి నిలుత్తాదో అది కూడా సెప్పు. మీ సోదమ్మని అడుగు."

దానికి సోదమ్మ అంకె ఇవ్వదు. ఎవరూ దాన్ని ఆ ప్రశ్న అడగలేదు. నా మొదటి ఏడాది లెక్క ఒకటే నాకు తెలుసు. సగం అన్నాను.

లోవ తలెత్తకుండా అంది, "పంపకక్కా. ఒడిలో పెట్టుకుంటాను. గంటయితే గంటే." బుల్లియ్య మెట్ల మీద నుంచి లేచి కట్టవైపు వెళ్ళిపోయాడు. వాడి భుజాలు చూసి నేను ముఖం తిప్పుకున్నాను.

అప్పుడు మరిడి ఉప్పుగల్లు ఉమ్మేసింది.

"పంపండక్కా. అది ఒద్దంటాది, అనక ఏం సేత్తాది పాపం, ఇంతమందిలో. దాని సోట్లో నేనుంటే నేనూ అదే అందును. అని ఇంటికెల్లి గోడకేసి తల కొట్టుకుందును. నేను జాగరత్తగా మోసుకుంటాన్లెండి. ఇంకో నెలే కదా."

"నోర్ముయ్యవే, నీకేం తెలుసే," అంది పిన్ని. అని, దాన్ని పట్టుకుని ఏడ్చింది. మిగతా ముగ్గురూ అవుననలేదు, కాదనలేదు. వాళ్ళ నోటితో అనిపించే ధైర్యం నాకూ లేదు. సభ అలా మాటలేకుండానే చెదిరిపోయింది.

జ్యేష్ఠ పౌర్ణమి

పొద్దున్న పంపాను. ఏడేళ్ళు, అరవై మూడు మంది పేర్లు, ప్రతి పేరు ఎదురుగా అసలు నెల. రాయడానికి రెండు రోజులు పట్టింది. చివర నా సంతకం పెట్టాను.

సాయంత్రానికే జవాబు. లోవకుమారికి ఇరవై ఏడు, మంచం చీటీ. లంక సవరణ రద్దు. నలుగురు రేపటినుంచి కట్ట మీదికి రావాలి. స్కాన్ మనిషి వీరవేణిని పనిలోంచి తీసేశాం. ఆశ్వయుజంలో అట్లతద్ది పడవకి కొత్త మనిషి వస్తుంది, అప్పటిదాకా పని చూసి, ఆ తర్వాత వీరవేణి కూడా కట్ట పనికి ఎక్కాలి.

లోవ ఇంటికి నేనే వెళ్ళి చీటీ ఇచ్చాను. సంతోషం దాచుకోలేక, చూపించలేక, ఆ పిల్ల ముఖం ఎలాగో అయిపోయింది. నాకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాను.

జ్యేష్ఠ బహుళ అష్టమి

పిన్ని నలుగురికీ చిన్న తట్టలు ఇచ్చింది. కట్ట ఎక్కేచోట తూకంబల్ల ఉంటుంది, బరువు తగ్గితే కూస్తుంది. మొదటిరోజే కూసింది. పెద్ద తట్టలే ఇవ్వాల్సి వచ్చింది.

గంజి చిక్కగా కుదిరింది. రాయించుకోడానికి ఎవరూ రాలేదు.

జ్యేష్ఠ బహుళ త్రయోదశి

మరిడిని ఇద్దరు మోసుకొచ్చారు. మోకాళ్ళదాకా మట్టి, ఆ పైన రక్తం. కడిగి, పడుకోబెట్టి, గంజి రాశాను. చూశాను. మళ్ళీ చూశాను. లోపల ఏమీ లేదు.

ఇంకో తొమ్మిది రోజులైతే నిజంగానే మూడో నెల పడేది.

"మీరు కసరట్లేదేంటక్కా?" అంది. "కదలకుండా ఉన్నానా?"

ఉన్నావు తల్లీ అన్నాను. ఇది నేను చేసిందే. లోవ కోసం చేశాను, నియమం నాది కాదు, తట్ట నేను ఎత్తలేదు, ఇలా ఎన్నైనా చెప్పుకోవచ్చు. మెట్టకి పంపిన కాగితం కింద సంతకం నాదే. రిజిస్టరులో దాని పేరు కొట్టేశాను. ఆ పని చేసి ఏడేళ్ళయింది, చెయ్యి మరిచిపోయిందనుకున్నాను.

శ్రావణ బహుళ తదియ

లోవని మెట్ట పడవ ఎక్కించాం. తొమ్మిదో నెల. ఈ రెండు నెలలూ అది రేవుకి కూడా సరిగ్గా వెళ్ళలేదు. మరిడి ఇంటి మీదుగా వెళ్ళాల్సి వస్తుందని చుట్టూ తిరిగి బురదలో నడిచేది. దానికి ఏడో నెల ఒక్కసారే వచ్చింది, పై సగంలో తేదీ వేశాను, కింది సగం ఖాళీగా ఉండిపోయింది. రేవులో వేళాకోళాలు లేవు. చలిమిడి ఎవరూ పెట్టలేదు. ఇంక ఎవరికీ పెట్టరు కాబోలు.

మిగతా ముగ్గురికీ నిలిచింది. ఇది రాయకపోతే అన్యాయం. ముగ్గురికీ మూడో నెల పడి తట్టలు దించారు. సగం అని నేను చెప్పినది తప్పయింది. మరిడి దగ్గర ఆ మాట ఎలా అనేది?

బుల్లియ్య పడవ అంచున నిలబడి "అక్కండీ, అంకె ఏమన్నా మారుద్దాండీ ఇంకా?" అని అరిచి అడిగాడు. ఇంక అంకెలు లేవయ్యా, వెళ్ళు అన్నాను.

భాద్రపద శుద్ధ చతుర్దశి

డాక్టరు కౌముదిగారు తనే లైను కలిపి చెప్పారు. మగబిడ్డ. ఏడవలేదు. మంచం మీద ఉన్నాడు.

భాద్రపద బహుళ అష్టమి

తొమ్మిదో రోజు. ఆపరేషను అయింది. పేగులు కిందికి దించి చిల్లికి మాసిక వేశారు. ఎడమ ఊపిరితిత్తి బొటనవేలంత ఉందట. కుడిది మాత్రం పనిచేస్తోందట. కట్ట మీద పిన్నికి చెప్పాను. "ఊ" అంది. తట్ట దింపి కాసేపు నిలబడి, మళ్ళీ ఎత్తుకుంది.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

ఇరవై ఒకటో రోజు. బారసాల చేశారట, అద్దం బయటే. పళ్ళెంలో బియ్యం పోసి రాయడానికి ఆసుపత్రిలో ఒప్పుకోలేదు. లోవ అద్దం మీద ఆవిరి ఊది వేలితో పేరు రాసిందట. లోవరాజు.

ఇంతవరకూ వాణ్ణి ఎత్తుకోనివ్వలేదు. గొట్టాలు.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

ఇరవై ఎనిమిదో రోజు. యంత్రం తీసేశారు. తన ఊపిరి తను తీస్తున్నాడు. ఇవాళ గంజి గిన్నె సొట్ట సరిచేశాను, రాయితో కొట్టి. పొద్దంతా ఏదో ఒకటి పాడుతూనే ఉన్నాను, పిన్ని విని "పిచ్చెక్కిందేటే" అంది. అని తనూ నవ్వింది.

ఆశ్వయుజ పౌర్ణమి

పోయాడు. ముప్పై ఒకటో రోజు, మధ్యాహ్నం. ఊపిరితిత్తుల్లో నరాలు బిగుసుకుపోయాయట, రక్తం లోపలికి వెళ్ళలేదట. మళ్ళీ యంత్రం పెట్టేలోపలే. చివర్లో గొట్టాలన్నీ తీసి లోవ ఒడిలో పెట్టారు.

డాక్టరుగారే లైను కలిపి చెప్పారు. "నేను మీకొక సంగతి చెప్పాలి వీరవేణిగారూ, మీరు కాగితంలో చూసేలోపల నేనే చెప్పాలి. మీ సోదమ్మకి ఫలితం రాయాలి కదా. ఇరవై ఎనిమిది రోజులు దాటితే బతికినట్టే లెక్క. మీ బిడ్డ దాని లెక్కలో బతికినవాళ్ళలో ఉన్నాడు."

లైను పెట్టేశాను. ఆవిడ మీద కోపం లేదు.

ఆశ్వయుజ బహుళ తదియ, అట్లతద్ది

పోటు మధ్యాహ్నం. పడవ వచ్చింది. కొత్త స్కాన్ మనిషి దిగింది, కుర్రపిల్ల, అసలైన జిగురు నాలుగు సీసాలు తెచ్చుకుంది. రిజిస్టరు ఎక్కడ అని అడిగింది. రేపు పొద్దున్న అప్పజెబుతాను, ఇవాళ నాదే అన్నాను. గది చూపించి పడుకోమన్నాను. కట్ట అవతల ఆడపిల్లలు ఉయ్యాల కడుతున్నారు.

అదే పడవలో లోవ, బుల్లియ్య. చేతిలో సంచి ఒక్కటే. బుల్లియ్య మెట్ల దగ్గరే ఆగిపోయాడు, ఈసారి గుమ్మం దాటలేదు. లోవ లోపలికి వచ్చి, స్కాన్ బల్ల మీద కాదు, కింద నేల మీద కూర్చుంది.

"ఎత్తుకున్నానక్కా," అంది. "అరగంట."

ఎలా ఉన్నాడు అని అడిగాను. ముక్కు బుల్లియ్యది అంది. ఇంకేదో అనాలని నోరు తెరిచింది, గుమ్మం వైపు చూసి ఆగిపోయింది.

మరిడి నిలబడి ఉంది. కట్ట మీది నుంచి అలాగే దిగి వచ్చినట్టుంది, మోకాళ్ళదాకా మట్టి. లోవ లేవబోయింది. తప్పుచేసి దొరికినట్టు ముడుచుకుపోయింది పాపం. మరిడి వచ్చి దాని పక్కనే కూలబడింది. నాకు ఏం చెయ్యాలో తోచక గంజి గిన్నె కడిగాను. అది కడిగే ఉంది.

"ఎన్నాల్లున్నాడే?" అంది మరిడి.

"ముప్పై ఒక్క రోజులు."

"నెల," అంది మరిడి. వేళ్ళ మీద ఏదో చూసుకుంది. "నిండు నెల."

అప్పుడు లోవకి ఏడుపు వచ్చింది. పడవలో కూడా ఏడవలేదట, బుల్లియ్య తర్వాత చెప్పాడు. "నీది పోయిందే మరిడీ, నా మూలాన. నా మూలాన నీది పోయింది, నాకూ దక్కలేదు..."

"ఊరుకో."

"దేనికీ కాకుండా పోయిందే."

"దేనికీ కాకుండా ఏటి? నెల బతికాడు కదే." మరిడి గొంతు కీచుగా వచ్చింది, కోపమో ఏడుపో నాకు తెలియలేదు. "నాది పోయి నీకు గంటొత్తే నేనేం సేసుకుందును? నెలొచ్చింది. పేరెట్టుకున్నావు. ముక్కు మీ ఆయనది." మాట ఆపి నా వైపు తిరిగింది. "అక్కా, ఆ పుస్తకం తియ్యండి."

"ఏ పుస్తకం?"

"మెట్టోల్లది. రేపు ఇచ్చేత్తారంట కదా. దీని ఏడో గడిలో కింద సగం ఖాళీగా ఉందని మీరే అన్నారు. అందులో వాడి నెల రాయండి."

అది బిడ్డ బతికిన రోజులు రాసే గడి కాదు అనబోయాను. నేను, నియమాల సంగతి ఎత్తబోయాను.

"ఏడేల్లు మాకోసం దొంగ నెలలు రాశారు," అంది మరిడి. "ఇది దొంగది కాదు కదండీ."

రిజిస్టరు తీశాను. లోవకుమారి పేరు, ఏడో గడి, పంచమి నాడు గీసిన అడ్డగీత. దాని కింద సగంలో రాశాను: ఏడో నెల, రెండోసారి. లోవరాజు. ముప్పై ఒక్క రోజులు. చివరి మూడు రోజులూ తన ఊపిరి తనే.

లోవ చదివి, అక్షరాల మీద వేలు పెట్టి అలా ఉంచింది. మరిడి కూడా వంగి చూసింది. దానికి చదువు రాదు.

"సరిగ్గా రాశారా అక్కా?" అంది.

సరిగ్గానే రాశాను.